ఏటి

పర్లాకిమిడిలో మా భాషా ప్రయోగశాలకి
ఇరవై హెడ్‌ఫోన్లు, పదకొండు ఒక చెవికే పలుకుతాయి.
మంగళవారం మూడో పీరియడ్ చీనా భాష.
కలకత్తాలో నేర్చుకొచ్చిన సుచరితా పాణిగ్రాహి చెబుతుంది.
ఇంగ్లీషు చెప్పే నేను వెనక బెంచీలో కూచుని రాసుకుంటాను:
ఎవరు నోరు విప్పారు,
విప్పే ముందు ఎన్ని సెకన్లు ఆగారు.
దీన్ని పరిశోధన అంటారు.
మా అమ్మయితే తొంగిచూడ్డం అనేది.

ఒకటే మాట, నాలుగు పలుకులు. పుస్తకంలో ఉన్నదే:
ఒకలా అంటే అమ్మ, ఇంకొకలా అంటే గుర్రం.
పది వారాలుగా మా పిల్లలు
గుర్రాన్ని అమ్మా అని పిలుస్తూనే ఉన్నారు.

బెవర పారమ్మ లేచింది.
వాళ్ల నాన్నకి కాశీనగరంలో పంపుసెట్ల రిపేరు షాపు.
విడిభాగాల డబ్బాల మీద రాతలు చదవాలని
ఈ క్లాసులో చేరిన పిల్ల.
"మేడమ్, ఇది మన ఏటి కాదేటి?" అంది.

పొలం అవతలి మనిషి కేకేస్తే, గట్టు మీద నడిచినట్టు చదునుగా:
ఏటీ
సగం విని, కనుబొమ్మ పైకి లేచి:
ఏటి?
నమ్మకం కుదరక, గోతిలో దిగి ఎక్కి:
ఏ...టీ
చెయ్యెత్తిన తమ్ముడి మీద, పై నుంచి కిందికి:
ఏటి!

గది గదంతా నవ్వింది.
నవ్వు ఆగాక నలుగురు సరిగా పలికారు, తర్వాత తొమ్మిదిమంది.
ఇలియాస్ గమాంగో మాత్రం ఎప్పటిలాగే ఆగాడు.
సవరలోంచి ఒడియాలోకి, ఒడియాలోంచి తెలుగులోకి,
ఆపైన ఇంకో రేవు.
నా పట్టికలో అతనికెదురుగా
'స్పందన లేదు' అని రాసేదాన్ని.
ఆ రోజు కొట్టేసి
'దారిలో ఉన్నాడు' అని రాశాను.

రాత్రి వ్యాసానికి కూచున్నాను.
గురువారాలు నేను చెప్పే పాఠమే అడ్డొచ్చింది:
పరిశోధన వాక్యంలో మనిషి కనబడకూడదు.
పారమ్మ కాగితంలోని 'నేను'లన్నీ
ఎర్రసిరాతో నేనే కొట్టేశాను.
"ఒక స్థానిక ప్రశ్నార్థకం వినియోగించబడినది."
మెస్సులో 'అన్నం తినబడినది' అని చూడండి,
వంటాయన గరిటె పట్టుకునే వస్తాడు,
"ఎవుడు తినీసినాడు?"
నా వాక్యాన్ని ఆ మాట అడిగేవాళ్లు లేరు.

నేను చూడని ఊరి నుంచి ఉత్తరం వచ్చింది.
నమూనా చిన్నది. పోల్చడానికి రెండో క్లాసు లేదు.
మరి ఈ మాటకి ప్రామాణిక రూపమేది?

ఉంది. ఏమిటి.
రాసి చూశాను. మెట్లు ఎక్కువ,
పారమ్మ గొంతు మధ్యలోనే జారిపోతోంది.
ఆరో తరగతిలో మా తెలుగు మాస్టారు
ఏటి అన్నందుకే నా అరచేతులు వాయగొట్టారు.
ఇప్పుడు అదే మాటకి
ఇంగ్లీషులో అడుగుసూచిక రాస్తున్నాను,
అదే చేత్తో.

అడిగిన అర్థం ఒక ముక్కలో అయిపోయింది.
కిటికీ అవతల మహేంద్రతనయ.
ఏటి నీళ్లు, ఏటి ఇసక, ఏటి అవతలి ఒడ్డు.
ఎవరూ అడగని రెండో అర్థమూ చేర్చాను.
పదాల లెక్క దాటిపోయింది. దాటనీ.
'వినియోగించబడినది' తీసేసి
పారమ్మ అంది, అని రాశాను.
ఒప్పుకుంటారో లేదో తెలీదు.

శుక్రవారం వరండాలో
ఇలియాస్ నన్నాపి, చెప్పులకేసి చూస్తూ
మంగళవారం ప్రశ్నకి జవాబు చెప్పాడు.
పలుకు సరిగ్గా ఉంది.

మూడు రోజులు.
నా పట్టికలో ఉన్నది సెకన్ల గడి ఒక్కటే.